చారిత్రక సాహస నవల చదవడం ఎలా: ఒక మిర్చి యార్డు గుమాస్తా పద్ధతి

మా అక్క కొడుకు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. దసరా సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు నా బీరువాలోంచి కాకతీయుల నవల ఒకటి పట్టుకెళ్లాడు. పది రోజులకి ఫోన్ చేశాడు. "పిన్నీ, నలభై పేజీలు అయ్యాయి. ఎవరెవరో తెలియట్లేదు. వేసవిలో నువ్విచ్చిన రాయలవారి నవల్లో ప్రతాపరుద్రుడు శత్రువు కదా, ఇందులో మనవాడెలా అయ్యాడు?"

పుస్తకం వాణ్ని పట్టుకుందని ఆ ప్రశ్నతోనే తెలిసిపోయింది. నచ్చని పుస్తకం గురించి ఎవరూ అంత ఆలోచించరు. ఆ రోజు ఫోన్లో చెప్పినవీ, తర్వాత కాగితం మీద రాసి పంపినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. కోటలు, గుర్రాలు, వేగులు, ముట్టడులు ఉన్న నవలలంటే ఇష్టం ఉండి కూడా మధ్యలో వదిలేస్తున్నవాళ్ల కోసం ఇది.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీలు, తూకం, ధర లెక్కగట్టి రైతుకిచ్చే తక్‌పట్టీలు, ఇదీ నా పని. రోజంతా లెక్కలు రాసే అలవాటు వల్ల నవల చదివేటప్పుడు కూడా లెక్క చూస్తాను. ఎన్ని ఆమడలు నడిచారు, కోటలో ఎన్నాళ్లకి సరిపడా నీళ్లున్నాయి, ఆ పూట ఏం తిన్నారు. సాహసం అంతా కష్టంలోనే ఉంది. ఆ కష్టం ఎంతటిదో మనకి తెలియకపోతే కథానాయకుడు ఎన్నిసార్లు గెలిచినా ఒళ్లు జలదరించదు. దాన్ని మనమే స్వయంగా తూచి చూసుకోవాలి. నా పద్ధతంతా అందుకే.

ముందు పేర్ల సంగతి తేల్చుకోండి. ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. మన చరిత్రలో ఒకే పేరు నలుగురైదుగురికి ఉంటుంది. మావాడు తికమకపడిన ప్రతాపరుద్రుడు ఒక్కడు కాదు, ఇద్దరు. కాకతీయ ప్రతాపరుద్రుడి ఓరుగల్లు 1323లో ఢిల్లీ సైన్యాలకి చిక్కింది. రాయలవారితో తలపడిన ప్రతాపరుద్రుడు ఒడిశా గజపతి, దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాతి మనిషి. ఇక మా కొండవీటి రెడ్డిరాజుల్లో ప్రోలయ వేముడు, అనవేముడు, పెదకోమటి వేముడు, రాచవేముడు ఉన్నారు. నవలలో మంత్రి ఒకసారి "వేమభూపాలుడు" అని, ఇంకోసారి ఒట్టి బిరుదుతో పిలిస్తే కొత్తగా చదివేవాళ్లు ఏం చేస్తారు?

ఒక చీటీ పెట్టుకోండి. నేను పాడైన తక్‌పట్టీ వెనక రాస్తాను, పేజీ గుర్తుకి కూడా అదే పనికొస్తుంది. పేరు, ఎవరి కొడుకు, ఎవరి పక్షం, ఎన్నో పేజీలో వచ్చాడు, అంతే రాయాలి. బిరుదు, ఇంటిపేరు ఉంటే అదే వరసలో పక్కన చేర్చండి. ఒక్క నియమం పాటించండి: మనిషి మొదటిసారి కనిపించగానే రాయొద్దు. రెండోసారి వచ్చినప్పుడు రాయండి. కోట తలుపు తీసే ద్వారపాలకుడు, దారిలో అన్నం పెట్టే పూటకూళ్లమ్మ తరచుగా ఆ పేజీతోనే వెళ్లిపోతారు. రెండోసారి వచ్చినవాడితోనే కథకి పని. ఇలా రాస్తే నాలుగు వందల పేజీల నవలకి కూడా పదిహేను పేర్లకి మించవు.

చీటీ ఉంది కదా, ఇక మొదటి చదువు. దీనికి నేను చెప్పేది ఒక్కటే, ఆగకండి. మా తాతయ్య తెనాలిలో సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వారపత్రిక సీరియల్ పైకి చదివేవారు. అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది, మేం గోడకి ఆనుకుని వినేవాళ్లం. ఏదైనా మాటకి అర్థం అడిగితే తాతయ్య చెయ్యి ఎత్తి ఆపేసేవారు. "ముందు వాణ్ని ఏరు దాటనివ్వు, తర్వాత అడుగు" అనేవారు. కథలో వాడు ఏరు దాటేసరికి ఆ మాటకి అర్థం దానంతటదే తెలిసిపోయేది. ఇప్పుడు మనం చేయి చాపితే ఫోన్ అందుతుంది. ఒక తేదీ చూద్దామని తీస్తాం, అరగంట పోతుంది. మొదటిసారి చదివేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టండి. పాత నవలల్లో మొదటి ప్రకరణం వెన్నెల వర్ణనతోనో, నగర వర్ణనతోనో మొదలై సమాసాలతో బరువుగా ఉంటుంది. ఆ ఒక్క ప్రకరణం పైకి చదవండి. గొంతు వాక్యం నడకని పట్టుకుంటుంది. ఆ తర్వాత కళ్లతోనే పరుగెత్తొచ్చు.

రెండో చదువే నాకు అసలైన పండగ. కథ ఎటు వెళ్తుందో తెలుసు, టెన్షన్ ఉండదు. అప్పుడు పెన్సిల్ తీసుకుని లెక్కకి కూర్చుంటాను.

మొదట తిండి చూస్తాను. నేను ఉండేది మిరపకాయల మధ్య కాబట్టి నా కన్ను ముందు అక్కడే పడుతుంది. ఒక కాకతీయుల కథలో సైనికుడు పొలం గట్టు మీద కూర్చుని చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటాడు. బొమ్మ చాలా బాగుంది, మన నాన్నల్ని చూసినట్టే ఉంది. కానీ మిరప అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. వాస్కో డ గామా కాలికట్ చేరిందే 1498లో. ఓరుగల్లు పడిపోయిన 175 ఏళ్లకి! టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, పొగాకు కూడా ఆ దారిన వచ్చినవే. అంతకుముందు మన కారం మిరియం. మిరపకాయ అన్న పేరు కూడా దాన్ని బట్టి వచ్చిందే.

మరి వాళ్లు ఏం తినేవారు? ఊహించుకోనక్కర్లేదు, మన పాత కావ్యాలు చెబుతాయి. కాకతీయుల ఓరుగల్లు వీధుల్ని కళ్లకి కట్టే క్రీడాభిరామంలో లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూటింటి పద్యం ఉంది. ఒక్క రూకకి కప్పురభోగి అనే బియ్యంతో వండిన అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. రాయలవారి ఆముక్తమాల్యదలో వానాకాలపు వంటిల్లు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. జడివానల్లో కట్టెలు తడిసి పొగ కమ్ముతుంది కాబట్టి, కళ్లలోకి పొగ రాకుండా ఆ ఇల్లాలు కొబ్బరి చిప్పలు పెట్టి వంట చేస్తుంది. వరి అన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. చరిత్ర నవల రాసేవాళ్లకి ఆ కొబ్బరి చిప్ప లాంటి వివరం ఒక్కటి దొరికితే చాలు, ఆ ఇంట్లో మనం కూడా పీట వేసుకుని కూర్చుంటాం.

ఒక ఆదివారం మావాడు హాస్టల్ నుంచి వస్తే ఆ రూక భోజనం వండాను. పెసరపప్పులో మిరియాలు, జీలకర్ర దంచి వేశాను. వంకాయలో అల్లం తప్ప ఏ కారమూ వేయలేదు. నెయ్యి, అరటిపండు, పెరుగు పెట్టాను. రెండో ముద్దకే "పిన్నీ, కాస్త ఆవకాయ" అన్నాడు. ఇవ్వలేదు. "రూకకి ఇంతే, తిను" అన్నాను. తిన్నాక గొంతు సవరించుకుని, "నాలుక మీద మంట లేదు, గొంతులో వేడి ఉంది" అన్నాడు. ఇప్పుడు వాడు కాకతీయుల నవలలో భోజనం ఘట్టం చదివితే ఆ వేడి గుర్తొస్తుంది. మీరూ ఒక పూట ఇలా వండి చూడండి. పుస్తకం పక్కన ఇంత బాగా పనిచేసే నోట్సు ఇంకోటి లేదు.

ఒక్క మిరపకాయ కనబడిందని నవల పక్కన పడేయమని నేను అనను. టిక్కీలో నాలుగు తాలుకాయలుంటే సరుకు వెనక్కి పంపం, తాలు ఎంతుందో చూసి ధర కడతాం. నవలకీ అంతే. పచ్చిమిరపకాయ తాలు. కథకి దెబ్బ తగలదు. కానీ కథే అలాంటి తప్పు మీద నిలబడితే, అంటే కాకతీయుల కోటగోడని ఫిరంగితో పడగొట్టి గెలిచినట్టు రాస్తే, అది నేను ఒప్పుకోను. ఫిరంగి అన్న మాటే ఫరంగీల నుంచి, అంటే యూరపువాళ్ల నుంచి వచ్చింది. ఆ గోడని నిచ్చెనలతో ఎక్కారా, లోపలివాడు తలుపు తీశాడా, నీళ్లు అయిపోయి లొంగిపోయారా అన్నదే అసలు సాహసం. ఫిరంగి పెట్టేస్తే ఆ కష్టమంతా పోతుంది.

తర్వాత దూరం. గూగుల్ మ్యాప్ తెరవండి, కానీ అది చెప్పే గంటలు వదిలేసి కిలోమీటర్లు మాత్రమే తీసుకోండి. మా తాతయ్య లెక్కలో ఆమడ అంటే ఎనిమిది మైళ్లు, ఎడ్లబండి రోజుకి రెండామడలు. ఒకే గుర్రం మీద మనిషి రోజూ నాలుగామడలు పోతే గొప్ప. విజయవాడ నుంచి వరంగల్ రైలు దారి రెండు వందల కిలోమీటర్ల పైమాట, అంటే పదహారు ఆమడలు. వేగు కృష్ణ ఒడ్డున సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి ఓరుగల్లు చేరాడని రాస్తే, దారిలో ఎన్ని గుర్రాలు మార్చాడో రచయిత చెప్పాలి. నాలుగు రోజులు పట్టిందని రాసి, రెండో రోజు గుర్రం కుంటిందని, మూడో రోజు వాడు నడిచాడని చెబితే మన కాళ్లు కూడా లాగుతాయి.

మధ్యలో ఏరు ఉంటే దూరం లెక్క మారిపోతుంది. మనకి కృష్ణ అంటే ప్రకాశం బ్యారేజి, వంతెన. బ్యారేజి 1957 నాటిది. దానికి ముందున్న ఆనకట్ట కూడా 1852లో మొదలై 1855లో పూర్తయింది. అంతకు ముందు కథ అయితే ఆ రెండూ మనసులోంచి తీసేయండి. వరదలో పుట్టి (గుండ్రటి చిన్న పడవ) కూడా వేయరు, ఈ ఒడ్డువాడు ఈ ఒడ్డునే. వేసవిలో ఇసుక తిన్నెల మీదుగా చాలా దూరం నడిచే పోవచ్చు. అందుకని ప్రతి ప్రయాణానికీ ఏ నెలో చూడండి. రచయిత నెల చెప్పకపోతే మామిడిపూత, చలిమంట, వరికోత ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోండి.

నెల ఎంత ముఖ్యమో నాకు కొండవీడు కొండ మీది కోటలో తెలిసింది.

మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు. ఆ సెలవుల్లో మావాణ్ని తీసుకుని పొద్దున్నే స్కూటీ మీద బయల్దేరాను. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది, బండి పైకి పోతుంది. మేం మాత్రం కొంత దూరం బండి ఆపి కావాలనే నడిచాం. తొమ్మిదిన్నరకే రాయి కాలడం మొదలైంది. తెచ్చుకున్న రెండు లీటర్ల సీసాలో సగం అప్పటికే ఖాళీ. వాడు ఒక బురుజు నీడలో కూలబడి, "పిన్నీ, మనకి కవచం లేదు, కత్తి లేదు, సంచీ కూడా బండిలో పెట్టాం" అన్నాడు. కొండ మీద చెరువుల దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. నీళ్లు అంచుకి బాగా కిందికి దిగి ఉన్నాయి. గట్టు రాళ్ల మీద పాత నీటిమట్టం చార తెల్లగా కనిపిస్తోంది. కోటలో వేలమంది, గుర్రాలు, ఏనుగులు ఉన్నాయనుకుని ఆ చారకీ నీళ్లకీ మధ్య జాగా చూడమన్నాను. చాలాసేపు చూశాడు.

కొండవీడు రాయలవారికి చిక్కింది శక సంవత్సరం 1437, యువ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు. అంటే 1515 జూన్ 23. మన తొలి ఏకాదశి. లోపల గజపతి కొడుకు వీరభద్రుడు ఉన్నాడు, పట్టుబడ్డాడు. ముట్టడి వ్యవహారమంతా సాళువ తిమ్మరుసు చూసుకున్నాడు. ఆ తేదీని నేను పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. ఆ చెరువు గట్టు మీద నిలబడ్డాకే దాని బరువు తెలిసింది. నా లెక్క ఇది: వేసవంతా కోటలో నీళ్లు దిగిపోతూ ఉంటాయి. ఆషాఢంలో వానలు గట్టిగా పట్టుకుంటే చెరువులు మళ్లీ నిండుతాయి, లోపలివాళ్లకి ప్రాణం లేచొస్తుంది, కింద డేరాల్లో ఉన్నవాళ్లకి బురద, జ్వరాలు. రెండు వైపులా ఆకాశం చూస్తూ కూర్చున్న రోజులవి. కొండవీటి ముట్టడి మీద నవల చదివితే నేను మొదట వెతికేది మబ్బు. ఒక్క సైనికుడైనా తలెత్తి పడమటి వైపు చూశాడా?

కొండ కింద గోపీనాథస్వామి గుడిని కత్తుల బావి అంటారు. అక్కడ సామంతుల్ని నమ్మించి చంపారని ఊళ్లో కథ ఉంది. అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అన్నీ వినండి, విన్నవి విన్నట్టు రాసుకోండి. నవలలో ఆ ఘట్టం వస్తే రచయిత ఏ కథని ఎంచుకున్నాడో, ఎవరి మీద తప్పు మోపాడో పోల్చి చూసుకోవచ్చు.

ఇక శాసనాలు. ఇవి చదవడానికి పండితులు కానక్కర్లేదు, తెలుగులో వివరించిన పుస్తకాలు గ్రంథాలయాల్లో ఉంటాయి. నాకు ప్రాణమైనది పాత ఓడరేవు మోటుపల్లిలోని అభయ శాసనం. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించాడు. గాలివానకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే పాత రాజులు అందులోని సొత్తంతా లాక్కునేవారు. తను అలా చేయననీ, న్యాయంగా రావలసిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ సముద్రవర్తకులకి అభయం ఇచ్చాడు. ఆ తర్వాత ఏ సరుకుకి ఎంత సుంకమో పట్టిక. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, పగడాలు, రాగి, సీసం, వక్కలు, మిరియాలు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి తక్‌పట్టీ చదువుతున్నట్టు ఉంటుంది నాకు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తుపానులో వచ్చిన నావికుడు, ఒడ్డున లెక్క రాసుకునే గుమాస్తా, ఇద్దరూ ఆ రాతిలో ఉన్నారు. ఓడల కథ చదివే ముందు ఈ శాసనం ఒకసారి చదవండి.

శాసనం పక్కన పెట్టి నవలని చదివేటప్పుడు రచయితకి అన్యాయం చేయకండి. రుద్రమదేవి 1289లో మరణించిందని చెప్పే చందుపట్ల శాసనం 1940లలో నవలలు రాసినవాళ్ల చేతికి అందలేదు, తర్వాత బయటపడింది. ఆమె ఇంకొన్నేళ్లు బతికి పాలించినట్టు వాళ్లు రాస్తే అది ఆ రోజుకి ఉన్న చరిత్రే. అందుకని పుస్తకం తెరవగానే మొదట అచ్చయిన సంవత్సరం, రచయిత ముందుమాట చూడండి. చేతిలో ఉన్న ఆధారాలు ఏవో, తన కల్పన ఏదో చాలామంది అక్కడే నిజాయితీగా చెబుతారు. ఒక్కోసారి చరిత్ర ఒక్క వాక్యంతో ఆగిపోతుంది. ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మదా తీరంలో చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లు నుంచి నర్మద దాకా అన్ని రోజుల దారిలో ఆయన ఏం మాట్లాడాడు, ఎవరు తోడున్నారు, తప్పించే ప్రయత్నం ఎవరైనా చేశారా? అది నవలాకారుడి పొలం. అక్కడ ఏం పండించినా నేను కాదనను, దారీ తిండీ నీళ్లూ సరిగ్గా ఉంటే చాలు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, కొత్తవి విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో. జనవరిలో విజయవాడలో పుస్తక మహోత్సవం ఉంటుంది, 1989లో మొదలైంది. సంక్రాంతికి ముందే ఒక రోజు పెట్టుకోండి. అచ్చులో లేనివాటికి లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఓపికగా వెతకాలి. సాహస నవలలు ఎన్నో వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. ఇళ్లలో ఆ పేజీలు కత్తిరించి బైండు చేయించి దాచుకునేవారు. అలాంటి బైండు దొరికితే వదలకండి, కానీ కొనేముందు సరిచూసుకోండి. నేను ఒక షాపులో "మొత్తం ఉందండీ" అన్న మాట నమ్మి సరిచూడకుండా ఒకటి కొన్నాను. రాత్రి రెండింటి దాకా చదివాను. నాయకుడు కోట వెనక సొరంగంలోకి దిగాడు, కాగడా ఆరింది, పేజీ తిప్పితే అట్ట! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి చివరి పేజీ ముందు చూడండి, కథ చదవడానికి కాదు, కింద ఏం రాసుందో చూడటానికి. "సమాప్తం" ఉండాలి. "సశేషం" ఉంటే మిగతాది లేదన్నమాట. మధ్యలో ప్రతి భాగానికి పైన అంకె ఉంటే వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూడండి. కొన్ని పత్రికలు పేజీ అంచున సంచిక తేదీ వేసేవి. లేని భాగం ఏ వారానిదో దాన్ని బట్టి కట్టుకోవచ్చు. ఆ తేదీ కాగితం మీద రాసుకుని వెళితే వెతికిపెట్టేవాళ్లకీ సులువు.

నా బైండులో లేనివి రెండు వారాలు. మొన్న దీపావళి తర్వాత లెనిన్ సెంటర్లో విడి సంచికల కట్టలో ఒకటి దొరికింది. సొరంగం అవతల ఏరు ఉంది, ఆ ఏట్లో నడుంలోతు నీళ్లున్నాయి, మార్గశిర మాసం. ఆఖరి వారం సంచిక కోసం చూస్తున్నాను. ఆ తేదీ రాసిన చీటీ మావాడి పర్సులో కూడా ఒకటి పెట్టాను, హాస్టల్ నుంచి వాడికి అక్కడికి దగ్గర.